బావి గట్టున చదివిన పేజీ

వేసవి ముదిరే రోజుల్లో తిరువూరు బస్టాండు ఎదురుగా పచ్చి మామిడికాయలు గుట్టలు పోస్తారు. తొడిమ విరిచినప్పుడు కారే సొన వాసన రోడ్డు మీదికి కొడుతుంటుంది. ఘాటుగా, ముక్కు లోపల సన్నగా గీరినట్టుండే వాసన. మొన్న ఆవకాయకు కాయలు ఏరుకుని, వేళ్ళకంటిన సొనను జేబురుమాలుతో తుడుచుకుంటుంటే వెనక ఒక వ్యాను ఆగింది. కాలేజీ పిల్లల్లా ఉన్న ఇద్దరమ్మాయిలు దిగి, కాయలమ్మే ఆవిడను ఒక నవల పేరు చెప్పి, అందులోని బావికి దారెటని అడిగారు. ఆవిడకు నవల తెలియదు, బావి తెలుసు. చంద్రమతమ్మ పేరంటాలు గుడా అని అడిగి, ఎ.కొండూరు రోడ్డున పోతే ఎవరైనా చెబుతారంది. నేను ఉండబట్టలేక, అక్కడ ఎవరూ చనిపోలేదమ్మా అన్నాను. పిల్లలిద్దరూ మర్యాదగా నవ్వారు. పెద్దవాళ్ళు ఏదో అంటుంటారు లెమ్మనుకునే నవ్వు అది. వ్యాను వెళ్ళిపోయింది. రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుంటే దక్షిణామూర్తి మాస్టారు గుర్తొచ్చారు.

ఆయన మాకు హైస్కూల్లో తెలుగు చెప్పారు. ఇంటి వెనక నాలుగైదు మామిడిచెట్లుండేవి, కాయలు తానే కోసుకునేవారు. కుడిచేతి వేళ్ళ మీద సొన పడి కాలిన నల్లటి మచ్చలు ఏడాది పొడుగునా పోయేవి కావు. ఆ వేళ్ళతోనే పుస్తకం పేజీ తిప్పేవారు. పొట్టి మనిషి, ఖద్దరు చొక్కా, చంకలో గొడుగు. గొడుగు ఎండకూ కాదు, వానకూ కాదు, దారిలో కుక్కల కోసం. గొంతు మాత్రం ఆ మనిషిలోంచి వచ్చేది కాదన్నట్టుండేది. ఆయన చదువుతుంటే వెనక బెంచీల వాళ్ళు కూడా కిటికీలోంచి బయటికి చూడడం మానేసేవాళ్ళు.

మా ప్రాంతంలో కొన్నాళ్ళు బతికిన ఒక నవలా రచయిత ఉన్నారు. ఆయన పేరు చెబితే తెలుగు చదివిన ప్రతి ఇంట్లోనూ గుర్తుపడతారు. ఇక్కడ ఆ పేరు రాయను. నవల పేరూ రాయను. ఊరి పేరూ రాయను. రాస్తే ఇంకో వ్యాను బయల్దేరుతుంది. వయసులో ఉండగా ఆయన తిరువూరులో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేరారు. తర్వాత ఆ మిల్లుకు ధాన్యం వచ్చే ఒక పల్లెలో, ఒక రైతు ఇంటి అరుగు మీద మకాం పెట్టి వ్యవహారం చూశారు. అక్కడున్నప్పుడే ఒక కొత్త కోడలు పొలంలోని బావిలో పడింది. ఆయన ఊరు వదిలి వెళ్ళాక వచ్చిన నవలలో ఆ కోడలి పేరు చంద్రమతి. భర్త అనుమానం భరించలేక, ఒక మధ్యాహ్నం బిందె గట్టు మీద పెట్టి బావిలో దూకుతుంది. చివరి పేజీలో బిందె ఒక్కటే మిగులుతుంది. ఆ పేజీ చదివి ఏడవనివాళ్ళు మా తరంలో తక్కువ.

మాస్టారు ఆ నవలను పాఠంగా చెప్పలేదు, అది మా సిలబస్‌లో లేదు. ఏడాదికొకసారి, రచయిత పుట్టినరోజు దగ్గర వచ్చే ఆదివారం, రాదలచుకున్నవాళ్ళను వెంటబెట్టుకుని ఆ చోట్లన్నీ తిప్పేవారు. రైసుమిల్లు కాటా పక్కన కాసేపు. మెయిన్ రోడ్డులో ఆయన అద్దెకున్న గది ముందు కాసేపు. ఆ గదిలో అప్పటికే సైకిళ్ళు బాగుచేసే షాపుండేది, ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. తర్వాత బస్సెక్కి పల్లెకు, అరుగు దగ్గరికి, చివరికి బావి దగ్గరికి. ప్రతి చోటా ఆయన పద్ధతి ఒక్కటే. ఆ చోటికి చెందిన పేజీ తీసి, నిలబడి, పైకి చదివేవారు. పుస్తకం మూసేవారు. ఎవరినీ మాట్లాడనివ్వకుండా కాసేపు ఊరుకునేవారు. ఆ తర్వాత అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: పుస్తకంలో లేనిది ఇక్కడ ఏం కనబడుతోంది?

మొదటిసారి బావి దగ్గర ఆ ప్రశ్న నా మీదికి వచ్చింది. చివరి పేజీ చదవడం అయింది. తోటివాళ్ళ కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. నాకు మాత్రం గట్టు రాయి మీద తాడు ఒరిసి పడిన గాడి కనబడింది. అది తడిగా ఉంది. చంద్రమతి పోయాక ఆ బావి నీళ్ళు ఎవరూ ముట్టలేదని నవలలో ఉంది. ఇక్కడ నీళ్ళు తోడుతూనే ఉన్నారు సార్ అన్నాను. మిగతావాళ్ళు నన్ను మొరటువాణ్ణి చూసినట్టు చూశారు. మాస్టారు గాడి మీద వేలు పెట్టి చూసుకున్నారు. బాగా చూశావురా సత్యం అన్నారు. నేను విలేకరినయ్యానంటే ఆ ఒక్క మాట వల్లే. తర్వాత ఎన్ని ప్రమాదాలు, ఎన్ని పంట నష్టాలు, ఎన్ని ఎన్నికల సభలు రాసినా, నలుగురూ చూస్తున్న వైపు కాకుండా ఇంకోవైపు ఒకసారి చూసి వచ్చేవాణ్ణి. అది ఆయన పెట్టిన అలవాటు.

ఆ రోజు తిరుగు బస్సులో, ఆవిడ నిజంగానే చచ్చిపోయిందా సార్ అని అడిగాను. ఆయన కిటికీలోంచి పత్తి చేల వైపు చూస్తూ, నవలలో చచ్చిపోయింది కదరా, అది చాలదా అన్నారు. చాలుననే అనుకున్నాను. ఆ కోడల్ని పైకి తీశారనీ, బతికిందనీ, అదే ఊళ్ళో ఉందనీ ఆయనకు అప్పటికే తెలుసు. చాలా ఏళ్ళ తర్వాత ఆ సంగతి తానే నాతో చెప్పారు. ఎందుకు దాచారని అడిగితే, దాచలేదురా, ఆ పేజీ చదివాక ఆ మాట చెప్పబుద్ధి కాలేదు అన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదాయన. ఒక మంచి పేజీని కాపాడుకున్నానని అనుకున్నారు, అంతే.

నేను తిరువూరు విలేకరిగా కుదురుకునేసరికి ఆ ఆదివారం పెద్దదైంది. విజయవాడ నుంచి, ఖమ్మం నుంచి సాహిత్య సంఘాల వాళ్ళు బస్సు మాట్లాడుకుని వచ్చేవారు. మాస్టారు రిటైరయ్యారు గానీ గొంతు రిటైరవలేదు. పొలాలకు మోటార్లు వచ్చాక బావిని అడిగేవాళ్ళు లేకుండా పోయారు. గట్టు మీద తాడు గాడి ఎండిపోయింది. నవలలో రాసినట్టే బావి ఇప్పుడు ఒంటరిదైంది. వచ్చినవాళ్ళకు అది ఇంకా బాగా నచ్చింది.

ఒక ఏడాది విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, చివరి పేజీ విని కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి రవికెల గుడ్డ తీసి గట్టు మీద పెట్టింది. దాని మీద చిటికెడు పసుపూ, చిటికెడు కుంకుమా వేసి దణ్ణం పెట్టింది. తిరుగు ప్రయాణంలో మాస్టారు ఆ సంగతే తలుచుకుంటూ కూర్చున్నారు. చూశావా సత్యం, అక్షరానికి ఎంత బలముందో అన్నారు. ఆయన మొహం అంత వెలిగిపోగా నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ముత్తయిదువగా అకాలంగా పోయిన ఆడమనిషిని పేరంటాలుగా కొలవడం మా వైపు పాత అలవాటే. పొలం గట్ల మీద పసుపు పూసిన రాళ్ళు చాలా చోట్ల కనబడతాయి. ఆ రవికెల గుడ్డను ఊళ్ళో ఆడవాళ్ళు చూశారు. పట్నం వాళ్ళే వచ్చి దణ్ణం పెడుతుంటే మనం పట్టించుకోలేదేమని అనుకున్నారు. ఎవరి బిడ్డకో జ్వరం తగ్గింది. మరుసటి ఏడాదికి గట్టు పక్కన ఒక రాయి నిలబడింది, దానికి పసుపు, ఎర్ర చీర ముక్క. ఆ పై ఏడాదికి రేకుల పందిరి. పేరు మాత్రం నవలలోదే, చంద్రమతమ్మ. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన కోడళ్ళకు అసలు కథ తెలియదు. తెలిసిన ముసలివాళ్ళకు అడ్డు చెప్పాల్సిన పని కనబడలేదు. దేవత వల్ల నష్టపోయినవాళ్ళెవరూ లేరు గదా అనుకున్నారు.

ఒకరు ఉన్నారు. ఆమెను రాఘవమ్మగారు అంటాను. అసలు పేరు అది కాదు. బావిలో పడి బతికినామె. భర్త చాలా ఏళ్ళ కిందటే పోయాడు, పిల్లలు లేరు. మరిది కొడుకు ఇంట్లోనే ఒక వాటాలో వండుకు తింటూ ఉండేది. ఆమె మాస్టారికి కబురు పెట్టింది. ఆయన నన్ను తోడు రమ్మన్నారు. నా దగ్గర మోటారు సైకిలుంది, అదొక కారణం. ఒంటరిగా వెళ్ళడానికి భయపడ్డారు, అది రెండోది.

మేం వెళ్ళేసరికి ఆమె అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తెల్లగా నెరిసిన జుట్టు, వెలిసిన నేత చీర, బోసి నుదురు. చెయ్యి ఆపకుండానే చాప చూపించింది.

"కూర్చోండి పంతులుగారూ. మీరు చదువుకున్నోళ్ళు, నాకొక్కటి చెప్పండి. నేను ఉన్నానా, పోయానా?"

మాస్టారు నవ్వబోయి ఆగిపోయారు. అదేం మాటమ్మా అన్నారు.

"శుక్రవారం పొద్దున్నే మా వీధి ఆడాళ్ళు పళ్ళేల్లో పసుపూ కుంకుమా పెట్టుకుని బయల్దేరతారు. బొట్టు ఎవరికి? బావికాడ నాకు. నేను వాకిట్లో కనబడితే మాత్రం ఆగిపోతారు. ముండమోసింది ఎదురొచ్చిందని లోపలికెళ్ళి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరతారు. మా మరిది కోడలు నిన్న మెల్లిగా అడిగింది, పెద్దత్తయ్యా, శుక్రవారం ఆ కాసేపూ లోపల కూర్చోకూడదా అని."

ఆ మాటల్లో కోపం లేదు. చింతగింజలు ఒక్కొక్కటే పక్కన పడుతున్నాయి. మాస్టారు నవల వేరనీ, మనిషి వేరనీ ఏదో చెప్పబోయారు. బడిలో పాఠం చెప్పినట్టే మొదలుపెట్టారు.

"మీకు వేరే. నేనుండేది ఈ ఊళ్ళో. దూకానో, కాలు జారానో ఆయన నన్నడగలేదు. ఇదే అరుగు మీద కూర్చుని రాసుకునేవాడు. ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని. మీరూ అడగలేదు. ఇన్నేళ్ళూ బావికాడికి వస్తూ పోతూ ఉన్నారు, ఈ అరుగు ముందే ఆగి పేజీ చదివారు గదా."

"ఇప్పుడు అడుగుతున్నానమ్మా" అన్నారు మాస్టారు.

"ఇప్పుడు చెప్పను. చెబితే అదీ పుస్తకమైపోద్ది. ఒక్క పని చెయ్యండి చాలు. నేను బతికానని చెప్పండి. ఆ బావికాడే, అందరూ ఉన్నప్పుడు చెప్పండి. మీ నోటి మీదుగానే గదా పోయాను."

చెబుతానని ఆయన మాట ఇచ్చారు. దారిలో ఎ.కొండూరులో టీ కొట్టు దగ్గర ఆపితే, గ్లాసు చేత్తో పట్టుకుని చల్లారిపోయేదాకా అలాగే నిలబడ్డారు. తర్వాత అన్నారు, నిన్ను ఒకసారి ప్రశ్న అడిగానురా, నువ్వు చూసి చెప్పావు, నేను వేలు పెట్టి కూడా చూశాను. తడి ఉంది. ఆ నీళ్ళు ఎవరు తోడుతున్నారని నేనెందుకు ఆలోచించలేదంటావు?

ఆదివారం దాకా ఆగలేదాయన. ముందే ఊళ్ళోకి వెళ్ళి, మరిది కొడుకుతో మాట్లాడారు. అతను పందిరి వేయించినవాళ్ళలో ముఖ్యుడు, మా ఊరి కోడలు దేవత అయిందని గర్వపడేవాడు. చెడ్డవాడు కాదు, పెద్దమ్మకు ఏ లోటూ చేయలేదు. మాస్టారు చెప్పింది అంతా విని చాలా మర్యాదగా అన్నాడు, "ఈ అమ్మ వేరు, మా పెద్దమ్మ వేరండీ. పుస్తకంలో ఉన్నదాన్ని మీరే మార్చేస్తే ఎట్టా మాస్టారూ?" ఆయన జీవితమంతా ఆ పుస్తకాన్ని ఆ ఊళ్ళో నిలబెట్టడానికి తిరిగారు. అది నిలబడింది. ఇప్పుడు దాన్ని ఆయన కూడా కదిలించలేరు.

ఆ ఏడాది జనం ఎక్కువే వచ్చారు. మాస్టారు బావి గట్టు పక్కన నిలబడ్డారు. పుస్తకం చేతిలో ఉంది, తెరవలేదు. ఈ పేజీ ఇక చదవనన్నారు. ఇందులో పోయిన అమ్మాయి పోలేదన్నారు. ఆమెను ఈ బావిలోంచి పైకి తీశారు, ఆమె బతికే ఉందన్నారు. తర్వాత విజయవాడ నుంచి వచ్చిన ఒక లెక్చరరు గద్గదంగా, అవును, చంద్రమతి మనందరి గుండెల్లో బతికే ఉంది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు ఇంత గొప్పగా ఎప్పుడూ చెప్పలేదని నా పక్కనున్నాయన అన్నాడు.

మాస్టారి మొహం ఎర్రబడింది. "గుండెల్లో కాదండీ. ఆ కనబడే పెంకుటింట్లో" అని చెయ్యి చాపి చూపించారు. కొందరు ఆ వైపు చూశారు, కొందరు ఇంకోసారి చప్పట్లు కొట్టారు. అప్పుడే ఆమె వచ్చింది. ఆయన రమ్మన్నారట. మనిషిని కళ్ళారా చూస్తే ఇక వాదన ఉండదనుకున్నారు. చేతికర్ర ఆనించుకుంటూ, పత్తి చేల మధ్య గట్టు మీద మెల్లగా నడిచి వస్తోంది. పళ్ళేలతో పక్క దారిన వచ్చి అదే గట్టు ఎక్కబోతున్న ఆడవాళ్ళు ఆమె ఎదురుపడేసరికి ఆగారు. వెనక్కి తిరిగి, చేనికి అడ్డం పడి, ఇంకో దారిన పందిరి దగ్గరికి వచ్చారు. ఆమె చూసింది. చూసి, నడక ఆపకుండా వచ్చి రాయి ముందు నిలబడింది. రాయికి నిండుగా పసుపు, రూపాయంత కుంకుమ బొట్టు, కొత్త చీర, గాజులు. ఆమె కాసేపు దాన్నే చూసింది.

మాస్టారు అందరి వైపూ తిరిగి, ఈమేనండీ అన్నారు. ఆ ఒక్క మాటలో ఆయన ఉన్నదంతా పెట్టేశారు. ఎవరో ఫోటో తీశారు. నా పక్కనున్నాయన, రచయిత కాలం నాటి మనిషెవరో అయ్యుంటుందన్నాడు. బస్సులో వచ్చిన ఒక అమ్మాయి ముందుకొచ్చి, ఆమె చెయ్యి ఆప్యాయంగా పట్టుకుని అడిగింది, మామ్మగారూ, మీరు చంద్రమతిని చూశారా అని.

రాఘవమ్మగారు ఆ అమ్మాయిని చూసింది, మాస్టారిని చూసింది. "ఆవిడెవరో నాకు తెలీదమ్మా" అంది. కర్ర సరిచేసుకుని, వచ్చిన గట్టు మీదే వెనక్కి నడిచి వెళ్ళింది. ఎందుకలా అందని చాలాకాలం ఆలోచించాను. అబద్ధమైతే కాదు. మాస్టారు మాత్రం ఆ మాట తననే అన్నట్టు తల వంచుకున్నారు.

ఆ తర్వాత ఏ ఏడాదీ ఆయన ఆ ఆదివారం వెళ్ళలేదు. సాహిత్య సంఘం వాళ్ళు మైకు పెట్టి తామే జరుపుకున్నారు. చివరి పేజీ చదవడానికి మంచి గొంతున్నవాణ్ణి ఎవరినో తెచ్చుకున్నారు. మాస్టారి ఇంట్లో ఆ పుస్తకం అలమారలో పై అరకు వెళ్ళింది. ఇతర పుస్తకాలు కూడా చదవడం తగ్గించారు. ఎవరైనా నవలల గురించి మాట్లాడితే లేచి చెట్ల దగ్గరికి వెళ్ళేవారు. జీవితమంతా చదువుతూ బతికిన మనిషి చదువు మీద నమ్మకం పోయాక ఎలా ఉంటాడో నేను ఆయన దగ్గర చూశాను. రోగం ఏమీ లేదు. కూర్చున్నచోట కూర్చునేవారు.

ఒక్క పని మాత్రం మానలేదు. శుక్రవారం తెల్లవారకుండానే బస్సెక్కి ఆ ఊరు వెళ్ళి, రాఘవమ్మగారి అరుగు మీద కూర్చునేవారు. తానుంటే ఆమెను లోపలికి పొమ్మనడానికి ఇంట్లోవాళ్ళు మొహమాటపడతారని. ఒకసారి నేను దించడానికి వెళ్ళినప్పుడు ఆమె నాతో అంది, "చూడండి సత్యంగారూ, ముండమోసిన దాన్ని నేను, ఒంటి బ్రాహ్మడు ఈయన. ఒకే అరుగు మీద కూర్చుంటే ఇక ఈ వీధిన శుక్రవారం ఏ ఆడమనిషీ నడవదు." మాస్టారు నవ్వారు. నిజంగానే ఆ వీధి ఆడవాళ్ళు శుక్రవారం వెనక వీధిన తిరిగి పోవడం మొదలుపెట్టారు. ఆయన సాధించగలిగింది అంత మాత్రం. ఆమె వాకిట్లో కూర్చోగలిగింది. ఊరు పక్కదారి పట్టింది.

ఆమె పోయిన రోజు నాకు మాస్టారే ఫోన్ చేశారు. నేను వెళ్ళేసరికి పాడె కడుతున్నారు. శ్మశానానికి వెళ్ళే దారి బావి పందిరి పక్కనుంచే పోతుంది. పందిరి దగ్గర ఆ రోజు ఎవరిదో మొక్కు ఉందని, శవం ఆ పక్కన పోకూడదని పెద్దలు అన్నారు. మరిది కొడుకు ఏడుస్తూనే సరేనన్నాడు. పాడెను చేల గట్ల మీదుగా, బురదలో, చుట్టూ తిప్పి తీసుకెళ్ళారు. మాస్టారు చెప్పులు చేత్తో పట్టుకుని చివరిదాకా వెనకే నడిచారు. నేల నల్లరేగడి, అడుగు తీస్తే మోకాటి దాకా లాగుతోంది. మోసేవాళ్ళు రెండుసార్లు తడబడ్డారు. ఆమెకు ఆ బావి దగ్గర చోటు లేకుండా పోవడం నేను రెండోసారి చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు మాస్టారు నా భుజం పట్టుకుని ఆపారు. "వార్త రాయి సత్యం. పెద్దగా వద్దు. ఇవాళ పోయిందని రాయి. ఇవాళే పోయిందని." నాలుగు వాక్యాలు రాశాను. పేరు, ఊరు, వయసు, ఇవాళ ఉదయం వృద్ధాప్యంతో కన్నుమూసిందని. నవల మాట ఎత్తలేదు. విజయవాడలో డెస్కు మీద ఉన్నవాళ్ళు కుర్రాళ్ళు, చదువుకున్నవాళ్ళు, ఆ నవలంటే ప్రాణం పెట్టేవాళ్ళు. ఊరి పేరు చూసి, ఆ ఊళ్ళో ఎవరికో ఫోన్ చేసి కూపీ లాగారు. పొద్దున పేపర్లో ఆ నాలుగు వాక్యాల చుట్టూ గీత గీసి, పందిట్లోని రాయి ఫోటో వేసి, పైన శీర్షిక పెట్టారు: మళ్ళీ మరణించిన చంద్రమతి.

పేపరు తీసుకుని నేనే మాస్టారి ఇంటికి వెళ్ళాను. నా కంటే ముందే ఆయన దగ్గర ఉంది. చదివి, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. డెస్కు వాళ్ళతో గొడవ పడ్డానని, సవరణ వేయిస్తానని చెప్పాను. ఏమని వేస్తావురా అన్నారు. నేను ఆలోచించాను. చనిపోయింది చంద్రమతి కాదని వెయ్యాలి. చంద్రమతి అనే మనిషే లేదని వెయ్యాలి. నేను చెప్పేది ఎంత వెర్రిగా ఉందో నాకే వినబడింది. ఆయన చాలాసేపు చెట్ల వైపు చూసి, "చావు కూడా ఆమెకు మిగల్చలేదురా మనం" అన్నారు. మనం అన్నారు. నన్నూ, డెస్కునూ, ఆ రచయితనూ, రవికెల గుడ్డ పెట్టిన ఆవిడనూ, చప్పట్లు కొట్టినవాళ్ళనూ అందరినీ కలిపి అన్నారో, తనను ఒక్కణ్ణే అనుకున్నారో తెలియదు.

ఆయన కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం లేరు. మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి రమ్మని, అడిగినవాళ్ళకి చెబుతుండు అన్నారు. ఏం చెప్పాలో ఇద్దరికీ తెలుసు. నమ్మరు గదా మాస్టారూ అన్నాను. "నమ్మరు. చెబుతుండు" అన్నారు. పాఠం చెప్పినంత మామూలుగా అన్నారు. ఆయన పోయినప్పుడు సాహిత్య సంఘం వాళ్ళు సంతాప సభ పెట్టారు. చంద్రమతిని అజరామరం చేసిన మాస్టారు అని ఒక వక్త అన్నాడు. నేను వెనక వరసలో కూర్చున్నాను. లేచి మాట్లాడాలనుకున్నాను, సభ ముగిసేదాకా కూర్చునే ఉన్నాను.

ఇప్పుడు ఆ పందిరి సిమెంటు గుడి అయింది. చరిత్ర అని ఒక పాలరాతి పలక పెట్టారు. నవల చివరి పేజీలో ఉన్నదే అందులో ఉంది, కొంచెం భక్తి కలిపి. రాఘవమ్మగారి వాటా తీసేసి మరిది మనవడు డాబా కట్టుకున్నాడు. నేను అడిగిన ముసలివాళ్ళలో ఒకరిద్దరికి ఆమె గుర్తుంది గానీ, బావి సంగతి వేరొకరిదని వాళ్ళే నాకు సర్దిచెబుతున్నారు. ఆమె ఎందుకు బావిలో పడిందో మాస్టారికి తెలియకుండానే పోయింది, నాకూ తెలియదు. ఆ తెలియకపోవడాన్ని అలాగే ఉంచడం తప్ప ఆమెకు నేను చేయగలిగింది లేదు. ఆమె చింతపండు గింజలు తీస్తూ ముసలిదయిందనీ, వేళాకోళం ఆడేదనీ, తన చావు తాను చచ్చిపోయిందనీ చెప్పగలిగేది ఈ ప్రాంతంలో నేనొక్కణ్ణే మిగిలాను. మాస్టారి నుంచి నాకు దక్కింది చూపు అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే ఈ చెప్పడం ఒక్కటే, ఎవరూ పుచ్చుకోని మాటను మోసుకు తిరగడం.

పోయిన చలికాలం ఒక కాలేజీలో ఆ నవల మీద సదస్సు పెట్టి, ప్రాంతం తెలిసినవాణ్ణని నన్ను పిలిచారు. ఇదంతా, ఇక్కడ రాసినట్టే, పేర్లు లేకుండా చెప్పాను. అయ్యాక ఒక లెక్చరరు నా దగ్గరికి వచ్చాడు. చిన్నవాడు, నిజంగానే కదిలిపోయి ఉన్నాడు, కళ్ళు చూస్తే తెలుస్తోంది. చాలా బాగుందండీ, మా పిల్లలకి చెప్పాలి అన్నాడు. కాగితం తీసి, పెన్ను మూత విప్పి, ఇది ఏ పుస్తకంలో ఉంది సార్ అని అడిగాడు. ఏ పుస్తకంలోనూ లేదన్నాను. ఇంకా ఏమైనా అంటానేమోనని ఒక క్షణం చూసి, పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.